పాత ఆయిల్ ఇంజన్ మళ్ళీ తిరగాలంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పొలాలకు కరెంటు మోటార్లు వచ్చాక, ముఖ్యంగా ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలయ్యాక, బావి గట్టు మీది ఆయిల్ ఇంజన్లు చాలావరకు షెడ్లలోనే ఉండిపోయాయి. కొన్ని పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మిగిలిన వాటిలో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుని బతికించుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది.

ఇక్కడ చెప్పేది లిస్టర్ రకం ఇంజన్ గురించి. ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్ జిల్లా డర్స్‌లీ ఊళ్ళో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతం నుంచి చేసిన సీఎస్ మోడల్ ఇది. దాన్ని చూసి రాజ్‌కోట్‌లో పోత పోసిన కాపీలు మన పల్లెల్లో బాగా తిరిగాయి. ఒకటే సిలిండరు, రెండు పెద్ద ఫ్లైవీళ్ళు, నిమిషానికి 600 లేదా 650 చుట్లు, 5 లేదా 6 హార్స్‌పవర్. బరువు మూడు క్వింటాళ్ళకు పైనే. 1500 చుట్లు తిరిగే ఇంజన్లకూ ఇందులో చాలా విషయాలు వర్తిస్తాయి, కొలతలు మాత్రం వేరు.

నేను చూసినంతలో ఇవి అరిగిపోయి ఆగినవి తక్కువ, వాడకం లేక పట్టేసినవి ఎక్కువ. అందుకని కొత్త పిస్టన్, లైనర్ (పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గొట్టం) కొనడం గురించి మొదటి రోజే ఆలోచించకండి. పెయింటు గురించి అసలే ఆలోచించకండి. పెయింటు వేసేశాక పగుళ్ళు, లీకులు కనపడవు.

ఫ్లైవీల్ కదలడం లేదు

డీకంప్రెషన్ లివర్ (సిలిండరులో గాలి ఒత్తిడి లేకుండా వదిలే పిడి) ఎత్తినా చక్రం కదలకపోతే పిస్టన్ లైనర్‌కు తుప్పుతో పట్టుకుని ఉంటుంది. కానీ అది ఒక్కటే కారణం అనుకోవద్దు. వాల్వ్ దాని గైడులో ఇరుక్కుని ఉండవచ్చు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండవచ్చు, ఎలుకలు గింజలు దాచి ఉండవచ్చు. గొట్టం విప్పి టార్చి వేసి చూడటానికి ఖర్చేమీ లేదు.

తిప్పే ప్రయత్నం చేయకముందే క్రాంక్ కేసు (ఇంజన్ కింది భాగంలో ఆయిల్ ఉండే పెట్టె) అడుగున ఉన్న బిరడా తీసి ఆయిల్ పట్టండి. ఏళ్ళ తరబడి చేరిన నీళ్ళు ముందు వస్తాయి, తర్వాత తారులాంటి ఆయిల్. పక్క తలుపు విప్పి లోపల గుడ్డతో శుభ్రంగా తుడవండి. కాపీ ఇంజన్లలో కొన్నింటికి పోత ఇసుక లోపలి పెయింటు కింద అలాగే మిగిలి ఉంటుంది. పెయింటు పెచ్చులు ఊడుతుంటే గీకి తీసేయాల్సిందే, ఎందుకంటే ఈ ఇంజన్‌లో ఆ ఇసుకను ఆపే ఆయిల్ ఫిల్టర్ లేదు.

పిస్టన్ పట్టేసి ఉంటే నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మేది) విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, పలచటి గేర్ ఆయిల్ సగం సగం కలిపి పోయండి. నాలుగైదు రోజులు వదిలేయండి. మధ్యమధ్య ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి, చాలు. గెడ్డపార సందులో పెట్టి ఎత్తడం, చక్రం అంచు మీద సుత్తితో కొట్టడం చేయకండి. అది పోత ఇనుము. చువ్వ దగ్గర పగిలితే తర్వాత 600 చుట్ల మీద తిరిగేటప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి.

వారానికీ లొంగకపోతే హెడ్ (సిలిండరు పై మూత) విప్పాలి. పిస్టన్ మీద గుండ్రంగా కోసిన తుమ్మ చెక్క పెట్టి, చెక్క మీద మెల్లగా కొట్టండి. పిస్టన్ మరీ కింద ఆగిపోయి ఉంటే, లైనర్ గోడకు పైన పట్టిన తుప్పును ముందే ఎమరీ పేపర్‌తో తీసేస్తే రింగులు విరగవు.

తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు, పొగ కూడా లేదు

పొగ లేదంటే లోపలికి డీజిల్ పడటం లేదు. దీన్ని చెవితో తేల్చవచ్చు. డీకంప్రెషన్ ఎత్తి, డీజిల్ లివర్ పూర్తిగా తెరిచి, హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. రెండు చుట్లకు ఒకసారి నాజిల్ దగ్గర "కిర్రు"మని తెగే శబ్దం రావాలి. ఆ శబ్దం లేకపోతే ట్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కో జాయింటూ చూసుకుంటూ రావాలి.

చాలాసార్లు గొట్టాల్లో గాలి పట్టి ఉంటుంది. గాలి తీసే పద్ధతి: ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా డీజిల్ పోనివ్వండి, బిగించండి. తర్వాత డీజిల్ పంపు (నాజిల్‌కు ఒత్తిడితో డీజిల్ తోసేది) దగ్గర అదే పని. చివరికి నాజిల్ దగ్గర గొట్టం నట్టు అర చుట్టు వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ ఉబికేదాకా ఇంజన్‌ను తిప్పి బిగించండి. ఎన్నిసార్లు తీసినా గాలి వస్తోందంటే వాషర్లు పోయాయి. పాత రాగి వాషర్లను ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్ళీ పనికొస్తాయి.

గాలి లేకపోయినా కిర్రు రాకపోతే పంపు ఎలిమెంటు (లోపల ప్లంజరు అనే కడ్డీ ఆడే సన్నని గొట్టం) పట్టేసిందా, నాజిల్ సూది పట్టేసిందా చూడాలి. పాత డీజిల్ ఎండి జిగురులా అంటుకుంటుంది. ఎలిమెంటు, దాని ప్లంజరు ఒకదానికొకటి నూరి జత చేసినవి. విడిగా మార్చకూడదు, ఎమరీ తగలకూడదు. శుభ్రమైన డీజిల్‌లో నానబెట్టి వేళ్ళతోనే తిప్పి వదిలించాలి. రాకపోతే పంపు, నాజిల్ రిపేరు చేసే షాపుకు ఇవ్వండి, ప్రెషర్ కూడా వాళ్ళే కట్టి ఇస్తారు.

నాజిల్ బయటికి తీసి స్ప్రే చూసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చూడ్డానికి సూది గుచ్చినంత గాయమే ఉంటుంది, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన ప్రమాదం అది.

తెల్ల పొగ వస్తోంది, అంటుకోవడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. తెల్ల పొగ అంటే డీజిల్ పడుతోంది, కాలడం లేదు. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు లేదు, నొక్కిన గాలి వేడికే మండాలి. కాబట్టి కంప్రెషన్ అయినా తక్కువ ఉండాలి, టైమింగ్ (డీజిల్ పడే సమయం) అయినా వెనక్కి ఉండాలి. ఎక్కువమంది మెకానిక్కులు ఈ మాట వినగానే "రింగులు పోయాయి, బోరు చేయించాలి" అంటారు. ఆగండి.

డీకంప్రెషన్ కిందికి దించి ఫ్లైవీల్‌ను చేత్తో కంప్రెషన్ మీదికి తీసుకురండి. బాగున్న ఇంజన్ స్ప్రింగులా వెనక్కి తంతుంది. మీది తన్నకుండా జారిపోతుంటే, చక్రాన్ని ఆ ఒత్తిడి మీదే పట్టుకుని వినండి. "స్స్" శబ్దం సైలెన్సర్ గొట్టంలో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్ లీకు. గాలి పీల్చే వైపు వినపడితే ఇన్‌లెట్ వాల్వ్. క్రాంక్ కేసు బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) దగ్గర వినపడితే రింగులు. ఎక్కడా వినపడకపోతే హెడ్ చుట్టూ, నాజిల్ చుట్టూ సబ్బు నురగ రాయండి, బుడగలు చూపిస్తాయి.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష. నాజిల్ విప్పి ఒక్క చెంచా ఇంజన్ ఆయిల్ లోపల పోసి, నాజిల్ బిగించకుండానే రెండు మూడు చుట్లు తిప్పి, తర్వాత బిగించి కంప్రెషన్ చూడండి. బాగా పెరిగితే లోపం రింగుల దగ్గర. మార్పు లేకపోతే వాల్వుల దగ్గర. చెంచా అంటే చెంచానే. ఆయిల్ నలగదు కాబట్టి ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను కింద క్రాంకుకు కలిపే కడ్డీ) వంగుతుంది.

రింగులైనా సరే, అరిగాయనే అనక్కర్లేదు. మసి, జిగురు పట్టి గాడిలోనే ఇరుక్కుపోతే అవి లైనర్‌ను తాకవు. పిస్టన్ పైకి లాగి, రింగులు జాగ్రత్తగా విడదీసి, విరిగిన పాత రింగు ముక్కతోనే గాడులు గీకండి. ఆ పనికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. వాల్వులైతే గ్రైండింగ్ పేస్టుతో సీటు మీద చేత్తో నూరి, చుట్టూ ఒకే వెడల్పున బూడిద రంగు గీత వచ్చాక ఆపండి. పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి.

హెడ్ విప్పకముందే టాపెట్ గ్యాప్ (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూశారా? ఎగ్జాస్ట్ గ్యాప్ అసలు లేకపోతే వాల్వ్ ఎప్పటికీ పూర్తిగా మూతపడదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ టాప్‌లో ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) మీ మోడల్ పుస్తకంలో చెప్పిన కొలతకు పెట్టండి. రెండు వాల్వులకూ ఒకటే కొలత ఉండాలని లేదు.

లిస్టర్ పాత మోడళ్ళలో హెడ్ పక్కన చిన్న చేతి చక్రం ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని లోపలికి బిగించాలి, అప్పుడు కంప్రెషన్ పెరుగుతుంది. చాలా వాటిలో అది బయటికే పట్టేసి ఉంటుంది. కాపీల్లో ఇది లేనివే ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా తెల్ల పొగే అయితే టైమింగ్. ఈ ఇంజన్‌కు టాప్‌కు సుమారు 20 డిగ్రీల ముందు డీజిల్ పడాలి. ఫ్లైవీల్ మీద గుర్తు ఉంటే దాన్నే నమ్మండి. పంపు కింద టాపెట్ బోల్టు పైకి లేపితే డీజిల్ ముందు పడుతుంది, దించితే ఆలస్యంగా. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పవద్దు. మరీ ముందుకు జరిగితే హ్యాండిల్ వెనక్కి తంతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు

పంపు ర్యాక్ (డీజిల్ ఎంత పడాలో మార్చే కడ్డీ), గవర్నర్ (వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) లింకులు వేలితో తోస్తే ఏ అడ్డూ లేకుండా కదలాలి. ర్యాక్ ఫుల్ డీజిల్ దగ్గర పట్టేసి ఉంటే ఇంజన్ అంటుకున్నాక ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. అలా జరిగితే ఆపడానికి గాలి పీల్చే గొట్టం మూయాలి. అందుకని ఎయిర్ ఫిల్టర్ విప్పి, గొట్టానికి సరిపోయే చెక్క పలకను పక్కనే పెట్టుకోండి. చేత్తో మూయకూడదు. ఫ్లైవీల్ ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, పిల్లలు ముఖ్యంగా. లుంగీ, తువ్వాలు, వదులు చొక్కా వద్దు.

ఆయిల్ ఎస్ఏఈ 40, గీత దాకానే. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర) కింద ఉన్న చిన్న గరిటె ఆయిల్‌లో మునిగి పైకి చిమ్మితేనే బేరింగులకు అందుతుంది. తక్కువైతే బిగ్ ఎండ్ కాలిపోతుంది.

హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు. లివర్ ఎత్తి, చక్రాలు బాగా ఊపందుకున్నాక లివర్ వదలాలి. బలం కన్నా ఊపు ముఖ్యం.

స్టార్ట్ అయి రెండు నిమిషాలకు ఆగిపోతోంది

ట్యాంకు మూతకున్న చిల్లు మూసుకుపోయిందేమో చూడండి. మూత తీసి నడిపితే ఆగకుండా ఉంటే అదే జబ్బు. కాదంటే ఫిల్టర్, లేదా డీజిల్‌లో నీళ్ళు. గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే నీరు అడుగున తేలిగ్గా కనిపిస్తుంది.

వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంది

గవర్నర్ కీళ్ళ దగ్గర ఎండిన ఆయిల్. విప్పి డీజిల్‌తో కడిగి, ఒక్కో చుక్క ఆయిల్ వేయండి. పిన్నులు అరిగి లొడలొడలాడుతుంటే లేత్ దగ్గర చేయించుకోవచ్చు, పది నిమిషాల పని. స్ప్రింగు లాగి బిగించడం పరిష్కారం కాదు, దానితో వేగం పెరుగుతుంది, ఊగిసలాట పోదు.

నల్ల పొగ, నీలం పొగ

నల్ల పొగ లోడ్ ఎక్కువైనప్పుడు వస్తే సహజం. ఖాళీగా తిరుగుతున్నా వస్తుంటే గాలి అందడం లేదు, లేదా నాజిల్ చిమ్మకుండా కారుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ముందు ఆయిల్ గీత దాటిందేమో చూసి కాస్త తీసేయండి. చాలాకాలం ఆగిన ఇంజన్‌కు మొదటి కొద్ది గంటలు నీలం పొగ రావడం మామూలే. సగం లోడ్ మీద నడిపితే రింగులు కూర్చుంటాయి. లోడ్ లేకుండా గంటల తరబడి నడిపితే కూర్చోవు.

కొట్టుకుంటోంది

శబ్దాన్ని లెక్కపెట్టండి. 600 చుట్ల ఇంజన్ సెకనుకు ఐదుసార్లు మండుతుంది, పదిసార్లు తిరుగుతుంది. డీజిల్ మంటతో పాటే "టంగ్" మని గట్టిగా వస్తూ, డీజిల్ లివర్ మూయగానే పూర్తిగా పోతే టైమింగ్ ముందుకు ఉంది. డీజిల్ మూశాక కూడా, తిరుగుతూ నెమ్మదించేటప్పుడు "దబ్బు దబ్బు" మంటుంటే ఇంజన్ ఆపి, పక్క తలుపు తీసి కనెక్టింగ్ రాడ్‌ను పైకీ కిందికీ ఊపి చూడండి. లూజు చేతికి తెలుస్తుంది.

అది బాగుంటే ఫ్లైవీల్ కీ (చక్రాన్ని ఇరుసుకు బిగించే చీల) చూడాలి. దీన్ని రేపటికి వాయిదా వేయవద్దు. ఒక చక్రాన్ని పట్టుకుని ఇంకో చక్రాన్ని ఊపినప్పుడు వెంట్రుకవాసి కదిలినా కీ వదులైనట్టే. కీ వెలుపలికి జారి ఉందా, దాని చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా చూడండి. పాత కీని మళ్ళీ కొట్టి లోపలికి దింపితే ఊరుకోదు. గాడిని కొలిచి కొత్త కీ చేయించి, రంగు పూసి ఆనుతున్న చోట ఆకురాయితో రుద్దుకుంటూ అమర్చాలి. ఆ పని చేతకాకపోతే అనుభవం ఉన్న ఫిట్టర్‌ను పిలవండి. అప్పటిదాకా హ్యాండిల్ తీసి లోపల దాచేయండి.

వేడెక్కుతోంది

డ్రమ్ము నీళ్ళతో చల్లబడే ఇంజన్‌కు ఆ నీళ్ళు తిప్పే పంపు ఉండదు. వేడి నీరు పై గొట్టంలోంచి డ్రమ్ములోకి ఎక్కుతుంది, చల్ల నీరు అడుగు గొట్టంలోంచి సిలిండరుకు దిగుతుంది. డ్రమ్ములో నీటి మట్టం పై గొట్టం కన్నా దిగితే ఈ ప్రవాహం తెగిపోతుంది. సగం వేడి ఫిర్యాదులకు డ్రమ్ము నింపడమే మందు. నిండుగా ఉన్నా వేడెక్కితే జాకెట్‌లో (సిలిండరు చుట్టూ నీళ్ళు ఉండే ఖాళీ) బోరు నీళ్ళ సున్నం గట్టిపడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి జాకెట్ నింపి రాత్రంతా ఉంచి, మట్టి రంగు పోయేదాకా కడగండి. బాగా ముదిరితే రెండు మూడు విడతలు పడుతుంది.

బావి నుంచి తోడే చల్లటి నీళ్ళనే కొంత మళ్ళించి ఇంజన్‌కు పెట్టడం మన పొలాల్లో పాత అలవాటు. ఇంజన్ వేడెక్కదు, నిజమే. కానీ మరీ చల్లగా నడిస్తే డీజిల్ సరిగా కాలదు, మసి పేరుకుంటుంది, లైనర్ తొందరగా అరుగుతుంది. బయటికి వచ్చే నీటిలో వేలు పెట్టి ఉంచలేనంత వేడి ఉండాలి, మరగకూడదు. మళ్ళించే గొట్టానికి ఒక గేట్ వాల్వ్ బిగించుకుంటే ఆ వేడిని మీ చేతిలో ఉంచుకోవచ్చు.