సైకిల్ క్యారియర్ మీద తాళం వేసే పెట్టె బిగించడం ఎలా?

మా ఆఫీసు పార్కింగులో సైకిళ్ళకు బిగించిన పెట్టెలు ఈమధ్య నాలుగు చూశాను. నాలుగింటికీ మంచి తాళాలే ఉన్నాయి. కానీ ఒకదాన్ని ప్లాస్టిక్ ట్యాగులతో కట్టారు, ఇంకోదాన్ని పాత ట్యూబుతో చుట్టారు. మిగతా రెండింటికీ బోల్టులు వేశారు గానీ నట్లు కింద, చేతికందే చోట ఉన్నాయి. పది నంబరు పానా జేబులో ఉన్నవాడు ఆ పెట్టెను తాళంతో సహా చంకన పెట్టుకుని పోవచ్చు.

చిన్నప్పుడు ఐస్‌ఫ్రూట్ అమ్మేవాళ్ళ పెట్టె కూడా ట్యూబు ముక్కతోనే కట్టి ఉండేది కదా అంటారు. నిజమే. ఆయన పెట్టె పక్కనే నిలబడేవాడు. మనం మెట్రో స్టేషన్ దగ్గర సైకిల్ వదిలేసి సాయంత్రం దాకా అటు చూడం. అసలు ఇదంతా ఎందుకు, వీపుకు బ్యాగు తగిలించుకోవచ్చుగా అనేవాళ్ళు ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఆరు కిలోమీటర్లు తొక్కి, వీపు తడిసిన చొక్కాతో ఒక్కసారి మీటింగులో కూర్చోవాలి.

ఏం కావాలి

చిన్న ట్రంకు పెట్టె ఒకటి. 25 ఎంఎం వెడల్పు, 3 ఎంఎం మందం ఉన్న ఇనుప పట్టీ ముక్కలు నాలుగు, రెండు క్యారియర్ కిందికి, రెండు పెట్టె లోపల అడుగుకు. గుండు తల ఉన్న 6 ఎంఎం బోల్టులు నాలుగు, 40 ఎంఎం పొడవువి. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు, వెడల్పు వాచర్లు, పాత ట్యూబు, పొట్టి తాళం. డ్రిల్లు, ఆకురాయి, పానా ఎలాగూ కావాలి. రాణిగంజ్‌లో ఒక్క చక్కర్ కొడితే సామానంతా దొరుకుతుంది. పెట్టె మాత్రం బేగంబజార్‌లో కొనండి, పది రకాలు ఎత్తి చూసుకోవచ్చు.

పెట్టె రేకుదే అయ్యుండాలి. ప్లాస్టిక్ డబ్బా తేలికే, కానీ రెండు ఎండాకాలాలు బయట నిలబడితే పెళుసెక్కుతుంది. పైగా మామూలు కట్టర్ బ్లేడుతో కోసేయొచ్చు. పాల క్రేటుకు గొలుసు చుట్టి తాళం వేసేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. రేకు ఎంత మందమని షాపతన్ని అడగండి, గేజ్ నంబరులో చెబుతాడు. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, ఎక్కువ నంబరుంటే గట్టిదనుకుని మోసపోకండి. మూత మధ్యలో బొటనవేలితో నొక్కితే డబడబమని లోపలికి పోయేది వద్దు. ఎత్తు పది అంగుళాలు దాటకూడదు, దాటితే సైకిల్ ఎక్కేటప్పుడు కాలు తగులుతుంది.

క్యారియర్ సంగతీ చూసుకోండి. సీటు రాడ్డుకు మాత్రమే బిగించే క్యారియర్లు చాలావరకు పది కిలోలకు మించి మోయవు, గుంతలో పడితే పక్కకు తిరుగుతాయి కూడా. వెనక చక్రం ఇరుసు దాకా రెండు కాళ్ళు దిగి, ఫ్రేముకు బోల్టులతో పట్టే క్యారియరే కావాలి. దాని మీద 25 కిలోలు అని అచ్చువేసి ఉంటే చాలు. పైనుండే స్ప్రింగు పట్టీ ఊడదీసి పక్కన పడేయండి.

పెట్టెను క్యారియర్ మీద పెట్టి, సీటుకీ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచండి. బరువు ఇరుసుకు సరిగ్గా పైన పడాలి. వెనక్కి జరిగితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయినట్టుంటుంది.

బోల్టులు

ఇక్కడ నిదానించండి. మిగతా పనంతా గంటలో అవుతుంది, దీనికి ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకోండి.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే: బోల్టు తల బయట, నట్టు పెట్టె లోపల. గుండు తల బోల్టుకు పైన గాటు ఉండదు, ఆరు పలకలూ ఉండవు. పానా పట్టదు, స్క్రూ డ్రైవర్ దిగదు. తల కింద మెడ మాత్రం చదరంగా ఉంటుంది. ఆ మెడ పట్టీలో ఇరుక్కుంటేనే లోపల నట్టు బిగిస్తున్నప్పుడు బోల్టు తిరక్కుండా ఉంటుంది. గుండ్రటి బెజ్జంలో ఈ బోల్టు వేసి, నట్టుతో పాటు అదీ గిరగిరా తిరుగుతుంటే తల పట్టుకునేవాళ్ళు చాలామంది. అలా తిరిగే బోల్టును కింది నుంచి కటింగ్ ప్లేయరుతో పట్టి ఎవడైనా తిప్పగలడు.

అందుకని కింది పట్టీలో ముందు 6 ఎంఎం బెజ్జం వేసి, సన్నటి ఆకురాయితో దాన్ని చదరం చేయండి. రెండు రుద్దులకోసారి బోల్టు పెట్టి చూసుకోండి. చేత్తో వదులుగా దిగిందంటే ఎక్కువ అరగదీశారని అర్థం, ఆ పట్టీ పడేసి ఇంకోటి తీసుకోండి. సుత్తితో చిన్న దెబ్బ వేస్తే దిగాలి. నాలుగు బెజ్జాలకు నాకు గంటన్నర పడుతుంది. డ్రిల్లుతో పెద్ద బెజ్జం చేసి ఎం-సీల్ కూరేస్తే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. సరిపోదు.

పెట్టె అడుగున బెజ్జాలు ఎక్కడ పడాలో లోపలి నుంచి అంచనా వేయకండి. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే. పెట్టెను క్యారియర్ మీద తాడుతో కట్టి, కింది పట్టీలు రెండూ రాడ్లకు అడ్డంగా ఆనించి, కింది నుంచి గుర్తు పెట్టండి. బోల్టులు క్యారియర్ రెండు పక్క రాడ్లకు లోపలి వైపు ఆనుకుని పోవాలి. అప్పుడు పెట్టె కుడికీ ఎడమకీ జరగదు.

పల్చటి రేకుకు డ్రిల్లు వేసేటప్పుడు జాగ్రత్త. బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును పట్టేసి గిర్రున తిప్పుతుంది, అంచు చేతిని కోసేస్తుంది. కాబట్టి పెట్టెను ఒళ్ళో పెట్టుకోకండి. రేకు అవతల చెక్కముక్క ఆనించి, క్లాంపు వేసి, స్పీడు తగ్గించి వేయండి. 6.5 ఎంఎం బెజ్జం చాలు. అంచులు ఆకురాయితో రుద్ది కాస్త పెయింటు పూయండి, లేకపోతే మొదటి వానకే తుప్పు పడుతుంది.

ఇప్పుడు కింది నుంచి పైకి వరస ఇది: బోల్టు తల, కింది పట్టీ, ట్యూబు చుట్టిన క్యారియర్ రాడ్డు, పెట్టె అడుగు, పై పట్టీ, వాచరు, నట్టు. పై పట్టీ ఎందుకు దండగ అనుకోకండి. అది లేకపోతే వాచరు చుట్టూ రేకు నెలకల్లా చిరుగుతుంది. నట్లను ఒక్కోటీ పూర్తిగా బిగించకుండా నాలుగింటినీ కొంచెం కొంచెం తిప్పుతూ రండి. ట్యూబు నొక్కుకుని ఉబ్బినట్టు కనబడగానే ఆపేయండి. అల్యూమినియం క్యారియర్ మీద బలం చూపిస్తే రాడ్డు వంగుతుంది. మిగిలిన బోల్టు కొస యాక్సా బ్లేడుతో కోసేయండి.

అయిపోలేదు. క్యారియర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు మామూలు ఎలన్ కీతో, అంటే బోల్టు తల గుంతలో దూరే ఆరు పలకల కడ్డీతో, వచ్చేస్తాయి. పెట్టెను కదల్చలేనివాడు క్యారియర్‌తో సహా ఊడదీసుకుపోతాడు. ఆ బోల్టు గుంతలో సరిపోయే చిన్న బేరింగు గుండు పెట్టి ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి. తర్వాత మీరే తీయాల్సొస్తే, గోళ్ళ రంగు తుడిచే ఎసిటోన్‌తో నానబెడితే వస్తుంది.

మూత

నా మొదటి పెట్టెను వెనక బందుల వైపు నుంచి తెరిచారు. సాయంత్రం వచ్చేసరికి తాళం తాళంలాగే ఉంది. బందుల స్క్రూలు నాలుగూ నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి, క్యారేజీ, రెయిన్‌కోటు లేవు. అంత పద్ధతిగా పనిచేసిన మనిషి మీద కోపం కూడా రాలేదు.

బందులకు బయట స్క్రూలుంటే తీసేసి గుండు తల బోల్టులు వేయండి, నట్లు లోపలికే. బందు మధ్యలో ఉండే చువ్వను పక్క నుంచి లాగేయొచ్చు కాబట్టి దాని రెండు కొసలూ సుత్తితో చదును చేయండి. ట్రంకుతో వచ్చే గొళ్ళేన్ని నేనైతే నమ్మను. రెండు రివిట్లతో నిలబడే దాన్ని స్క్రూ డ్రైవర్ దూర్చి మెలిపెడితే రేకుతో సహా లేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో తలుపుకు వేసే గొళ్ళెం కొని, లోపల పట్టీ ముక్క ఆనించి బిగించండి. తాళం కొక్కెం గొళ్ళెం బెజ్జంలో ఇరుగ్గా పట్టాలి. ఖాళీ ఉంటే అందులో రాడ్డు దూరుతుంది.

వానకు మూత అంచు చుట్టూ ట్యూబు కోసి అంటించండి, అడుగున ఒక మూల చిన్న బెజ్జం వేయండి. లోపల పాత రబ్బరు మ్యాటు పరిస్తే చప్పుడు తగ్గుతుంది. వెనక ఎర్ర లైటును, రిఫ్లెక్టరును పెట్టె అడ్డుకుంటుంది, వాటిని పెట్టె వెనక్కి మార్చండి. పక్క స్టాండు ఉంటే తీసేసి డబుల్ స్టాండు వేయించండి, బరువుతో పక్క స్టాండు మీద సైకిల్ నిలవదు.

చివరికి పెట్టె పట్టుకుని వెనక చక్రాన్ని నేల నుంచి ఎత్తి ఊపండి. ఎక్కడా కటకటమనకూడదు. వారం తొక్కాక నట్లు ఇంకోసారి చూసుకోండి, ట్యూబు అణిగి కాస్త వదులవుతాయి. ఇంత చేసినా లాప్‌టాప్ మాత్రం అందులో వదలకండి. ఇది క్యారేజీకి, రెయిన్‌కోటుకు, గాలి పంపుకు, కూరగాయలకు.

రెండో తాళంచెవి ఇంట్లో పెట్టండి. నేను భద్రంగా ఉంటుందని పెట్టెలోనే పెట్టి తాళం వేశాను. మొదటిది పోయిన రోజు, నేను బిగించిన గొళ్ళేన్ని నేనే కోయడానికి నలభై నిమిషాలు పట్టింది.