ఎండాకాలం ప్రోటీన్ విరిగిపోతోందా? శుద్ధి నుంచి బైండింగ్ దాకా సమస్యలు - పరిష్కారాలు

వరంగల్, హనుమకొండ ల్యాబుల్లో ప్రోటీన్ల మీద పనిచేసే రీసెర్చ్ స్కాలర్లకు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులివి. క్లోన్ మార్చే ముందు, ప్రోటీన్‌నే మార్చాలనుకునే ముందు బఫర్‌నూ (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం) షేకర్‌నూ (కల్చర్ ఫ్లాస్క్‌లను తిప్పే యంత్రం) ఒకసారి పరీక్షించండి.

సమస్య: శుద్ధి చేసే కాలమ్ నుంచి తేటగా వచ్చిన ప్రోటీన్, కోల్డ్ రూమ్‌లో డయాలిసిస్‌కు (సన్న రంధ్రాల సంచిలో ఉంచి బఫర్ మార్చడం) పెడితే తెల్లారేసరికి పాలు విరిగినట్టు అవుతోంది

చలికాలంలో ఇదే ప్రోటీన్ ఇదే బఫర్‌లో నిలకడగా ఉండి ఉంటే, ముందు ట్రిస్‌ను (ల్యాబుల్లో ఎక్కువగా వాడే బఫర్ రసాయనం) అనుమానించాలి. ట్రిస్ బఫర్ ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ దాని పీహెచ్ సుమారు 0.028 చొప్పున పెరుగుతుంది. ఏసీ లేని గదిలో, మధ్యాహ్నం 38 డిగ్రీల దగ్గర పీహెచ్ 8.0 పెట్టి ఆ బఫర్‌ను 4 డిగ్రీల గదిలోకి తీసుకుపోతే అక్కడ అది దాదాపు 8.95 అవుతుంది. 25 డిగ్రీల దగ్గర సరిచేసి ఉంటే 8.6 దగ్గర ఆగేది. ప్రోటీన్ పీఐ (దాని నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 8.9 చుట్టుపక్కల ఉంటే దాని నికర ఆవేశం సున్నాకు వస్తుంది. ఇక అణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవు, ముద్దకడతాయి. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉందని ధీమా పడొద్దు. అది ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే సరిచేస్తుంది, చల్లబడ్డాక బఫర్ పీహెచ్ ఎంతవుతుందో చెప్పదు.

ఏం చేయాలంటే: ముందు ప్రాట్‌పారమ్ అనే ఆన్‌లైన్ టూల్‌లో పీఐ చూడండి. హిస్ ట్యాగ్ (నికెల్‌కు అంటుకునేలా ప్రోటీన్ చివర చేర్చే హిస్టిడిన్ల వరుస), దాన్ని ప్రోటీన్‌తో కలిపే లింకర్ కూడా కలిపి మొత్తం సీక్వెన్స్ ఇవ్వాలి. బఫర్ పీహెచ్ ఆ విలువకు కనీసం ఒక యూనిట్ దూరంలో ఉండాలి. బఫర్ సీసాను ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి 4 డిగ్రీలకు దించి, అప్పుడే పీహెచ్ సరిచేయండి. మీటర్‌ను క్యాలిబ్రేట్ చేసే ద్రావణాలు కూడా అంతే చల్లగా ఉండాలి. ఆ ఉష్ణోగ్రతకు వాటి విలువ ఎంతో సీసా మీది పట్టికలో ఉంటుంది. అంత ఓపిక లేకపోతే హెపెస్ అనే మరో బఫర్ వాడండి, దాని మార్పు ట్రిస్‌లో సగమే. డయాలిసిస్ బఫర్‌లో 300 మిల్లీమోలార్ ఉప్పు, 10 శాతం గ్లిసరాల్ ఉంటే చాలా ప్రోటీన్లు నిలబడతాయి.

ఒకసారి విరిగిన ప్రోటీన్ మళ్లీ కరిగినట్టు కనిపించినా నమ్మొద్దు. జెల్ ఫిల్ట్రేషన్‌లో (అణువులను సైజును బట్టి వేరుచేసే కాలమ్) పీక్ వాయిడ్ వాల్యూమ్ దగ్గర, అంటే అన్నిటికన్నా పెద్దవి ముందుగా బయటికొచ్చే చోట వస్తే అది గుంపుకట్టిన ప్రోటీనే. దానితో బైండింగ్ ప్రయోగం చేయకండి.

సమస్య: ఇండక్షన్ (బ్యాక్టీరియాతో ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించడం) తర్వాత జెల్‌లో బ్యాండ్ లావుగా ఉంది, కానీ అంతా పెల్లెట్‌లోనే (సెంట్రిఫ్యూజ్‌లో అడుగున చేరే కరగని ముద్ద)

ప్రోటీన్ మడత పడే వేగం కన్నా తయారయ్యే వేగం ఎక్కువైంది. ఓడీ (కల్చర్ ఎంత పెరిగిందో చెప్పే మసక కొలత) 0.6 రాగానే ఫ్లాస్క్‌ను ఐసు నీళ్లలో పదిహేను నిమిషాలు చల్లార్చి, ఇండక్షన్ రసాయనమైన ఐపీటీజీ 0.1 నుంచి 0.2 మిల్లీమోలార్ వేసి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పండి.

ఇవన్నీ చేసినా ప్రోటీన్ పెల్లెట్‌లోనే ఉంటే షేకర్‌ను చూడండి. కూలింగ్ లేని షేకర్ గది ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగలేదు. తెర మీద 18 అని సెట్ చేసినా లోపల 34 ఉండవచ్చు. ఒక ఫ్లాస్క్‌లో నీళ్లు పోసి, అందులో థర్మామీటర్ ముంచి గంట తర్వాత చూడండి. ఇంకో సంగతి, కరెంటు పోయి వచ్చాక కొన్ని షేకర్లు తమంతట తాము మొదలవవు. కల్చర్ కదలకుండా ఉండిపోతే గాలి అందక దిగుబడి పడిపోతుంది.

సమస్య: నికెల్ కాలమ్‌కు ప్రోటీన్ అంటుకోవడం లేదు

రెజిన్ రంగు చూడండి. నీలం పోయి తెల్లబడితే లోహాలను పట్టుకునే రసాయనమైన ఈడీటీఏ నికెల్‌ను లాగేసింది. చాలాసార్లు అది ప్రోటియేజ్ ఇన్హిబిటర్ బిళ్లలోంచి (ప్రోటీన్‌ను కోసే ఎంజైములను ఆపేవి) వస్తుంది, ఈడీటీఏ లేని రకం కొనాలి. గోధుమ రంగుకు తిరిగితే బఫర్‌లోని డీటీటీ (నికెల్‌ను క్షయకరణం చేసే రసాయనం) పని. రంగు బాగానే ఉంటే హిస్ ట్యాగ్ ప్రోటీన్ మడతల లోపల దాక్కుని ఉండవచ్చు. కొద్ది నమూనాను ప్రోటీన్ మడతలు విప్పే 8 మోలార్ యూరియాలో వేసి చూడండి. అప్పుడు అంటుకుంటే అదే కారణం, ట్యాగ్‌ను రెండో చివరకు మార్చాలి.

సమస్య: ఫ్లోరెసెన్స్ క్వెంచింగ్‌లో బైండింగ్ నమ్మలేనంత బలంగా వస్తోంది

ఈ పద్ధతిలో ఏదైనా పదార్థం అంటుకున్నప్పుడు ప్రోటీన్ సొంత వెలుగు ఎంత తగ్గిందో చూసి బైండింగ్ బలం లెక్కిస్తారు. మొక్కల ఫ్లేవనాయిడ్లతో పనిచేసేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. క్వెర్సెటిన్ లాంటివి 340 నానోమీటర్ల దగ్గర తామే కాంతిని పీల్చుకుంటాయి. ప్రోటీన్‌లోని ట్రిప్టోఫాన్ వెలుగు కూడా అక్కడే వస్తుంది కాబట్టి, బంధం లేకపోయినా సిగ్నల్ పడిపోతుంది. ప్రతి టైట్రేషన్ పాయింట్‌లో 295 (ట్రిప్టోఫాన్‌ను ఉత్తేజపరిచే కాంతి), 340 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ కొలవండి. రెండూ కలిపి, సగం చేసి, 10ని ఆ ఘాతానికి ఎత్తి, వచ్చిన సంఖ్యతో ఫ్లోరెసెన్స్‌ను గుణించాలి. ఈ సవరణ లేని స్థిరాంకాన్ని థీసిస్‌లో పెట్టకూడదు.

సమస్య: హైదరాబాద్‌లో సీడీ (సర్క్యులర్ డైక్రాయిజం, ప్రోటీన్ మడత ఎలా ఉందో చూపే కాంతి పరీక్ష) తీయిస్తే 200 నానోమీటర్ల కింద అంతా నాయిసే

క్లోరైడ్, నికెల్ కాలమ్ నుంచి ప్రోటీన్‌ను విడిపించడానికి వాడగా మిగిలిపోయిన ఇమిడజోల్ అక్కడ కాంతిని పీల్చుకుంటాయి. కాజీపేటలో రైలెక్కే ముందే 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లోకి బఫర్ మార్చండి. ఉప్పు తప్పనిసరైతే సోడియం ఫ్లోరైడ్ వాడండి. 1 మిల్లీమీటర్ క్యువెట్‌కు మిల్లీలీటరుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల ప్రోటీన్ చాలు. దాంతోపాటు అదే బఫర్ 5 మిల్లీలీటర్లు బ్లాంక్ కోసం తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడికి చేరాక ప్రోటీన్‌ను ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేసి, గాఢత మళ్లీ కొలిచాకే క్యువెట్‌లో పోయండి.