రోహిణి కార్తెకు ముందే: ఉద్యోగి ఇంట్లో తీసుకోవాల్సిన ఎండాకాలపు జాగ్రత్తలు

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి గానీ, అప్పటికి మన ఇళ్ళల్లో కూలర్ ఇంకా అటక మీదే ఉంటుంది, రంజన్ (నీళ్ళ మట్టికుండ) కొనాలన్న ఆలోచన ఉగాది దాటితే తప్ప రాదు. రామగుండం, మంచిర్యాల, పెద్దపల్లి వైపు ఎండ 45 డిగ్రీలకు చేరాక హడావుడిగా చేసుకునే ఏర్పాట్లు ఆ ఏడాదికి సగమే అక్కరకొస్తాయి. అందుకే బొగ్గు బావుల్లో, విద్యుత్ కేంద్రాల్లో, కాజీపేట రైల్వేలో, ఆర్టీసీ డిపోల్లో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పనిచేసేవారూ వారి ఇంటివారూ రోహిణి కార్తె దాకా ఆగకుండా, మార్చి నెలలోనే చూసుకోవలసిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. 45 తాకితే మామూలుతో పోల్చే పనే లేదు. వడగాలి హెచ్చరిక వినగానే మనకు గుర్తొచ్చేది బయట ఎండలో పనిచేసే మనిషే. పనిచోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె, పక్కన నలుగురు మనుషులు అంతో ఇంతో ఉంటారు. ఇంట్లో ఉన్నవారిని చూసేవారే ఉండరు. నా లెక్కలో ఎండాకాలపు జాగ్రత్తలు పనిచోటి గేటు దగ్గర కాదు, ఇంటి స్లాబు దగ్గర మొదలు కావాలి.

నేను పెరిగింది బొగ్గు బావుల ఊళ్ళో, పైఅంతస్తు క్వార్టర్‌లో. నాన్న ఓపెన్‌కాస్ట్ (నేల పైనుంచి తవ్వే) గనిలో పంపు మీద పనిచేసేవారు. మూడో షిఫ్టు ముగించుకొని పొద్దున ఏడు దాటాక ఇల్లు చేరి, స్నానం చేసి పడుకునేవారు. పదకొండు గంటలకల్లా స్లాబు పెనంలా కాలేది, ఫ్యాన్ వేస్తే పైనున్న వేడి కిందికి దిగేది. అమ్మ కిటికీకి తడిపిన గోనె సంచి కట్టి, మమ్మల్ని నోరెత్తనీయకుండా కూర్చోబెట్టి, ఆయన లేచేసరికి వేడిగా తినాలని మధ్యాహ్నం ఒంటిగంటకు పొయ్యి వెలిగించేది. ఒక మే నెలలో ఆ పొయ్యి ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంటిల్లిపాదికీ నాన్న గురించే భయం, ఎండదెబ్బ తగిలింది మాత్రం గడప దాటని అమ్మకు. ఆ తరువాత మా ఇంట్లో వంట పొద్దున ఎనిమిదింటికల్లా అయిపోయేది, నాన్న చల్లారిన అన్నమే తినేవారు.

కాబట్టి ముందుగా స్లాబు సంగతి చూడండి. మార్చిలోనే దాన్ని ఊడ్చి కడిగి, తెల్ల సున్నాన్ని జిగురు కలిపి రెండు పూతలు వేస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది; తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానానికి మూలసూత్రం కూడా ఎండను తిప్పికొట్టే ఈ తెల్లదనమే. రేకుల ఇల్లయితే పైన ఈత కమ్మలో వరిగడ్డో పరచడం మేలు, కాకపోతే పొయ్యికీ కరెంటు తీగలకూ అవి దూరంగా ఉండాలి. కిటికీలు పగలు మూసి, పొద్దుగూకాక బార్లా తెరవాలి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పుడు తడి బట్టతో ఒళ్ళు తుడుచుకోవడమో, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకోవడమో ఫ్యాన్ కంటే బాగా పనిచేస్తుంది. నైట్ షిఫ్టు మనిషికి ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిని, అది వంటింటి పక్కనున్న చిన్న గదైనా సరే, ఎండలు ముదిరిన రెండు నెలలూ వదిలిపెట్టాలి. పగలు సరిగా నిద్రపోని మనిషి రాత్రి యంత్రం ముందు కునికితే జరిగే ప్రమాదం ఎండదెబ్బ ఖాతాలో రాయరు గానీ, దాని అసలు కారణం అదే.

కూలర్ గురించి రెండు మాటలు వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా వాడతారు. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగి చెమట ఆరదు, అర్ధరాత్రికి ఉక్కపోత మొదలవుతుంది. కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంటేనే దాని గాలికి అర్థం ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది కరెంటు. ఏడాదంతా మూలన పడి ఉన్న ఇనుప కూలర్‌ను దించగానే నీళ్ళు పోసి స్విచ్ వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. వైరు పొర ఎలుక కొరికిందా, మోటారు తడిసిందా, ఎర్తింగ్ సరిగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్త్ కాలు విరగ్గొట్టి రెండు కాళ్ళతో నడపడం మానాలి. వీలైతే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించుకోవాలి. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీసి, అప్పుడే చెయ్యి పెట్టాలని పిల్లలకు కూడా నేర్పాలి.

ఇక పని. శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, వారం పది రోజులు దూరంగా ఉంటే ఆ అలవాటు సన్నగిల్లుతుంది. కొత్తగా చేరినవారికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతుకు మించకుండా, తరువాత రోజుకు ఐదో వంతు చొప్పున పెంచమనీ, పాతవారు సెలవు నుంచి తిరిగొస్తే సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పనికి రమ్మనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. ఇక్కడ చాలా పెళ్ళిళ్ళు వైశాఖ, జ్యేష్ఠాల్లోనే. వారం సెలవు పెట్టి, నిద్రలేక, విందులు తిని తిరిగొచ్చిన మనిషి మర్నాడే డ్యూటీకి పోయి క్వారీలోకి దిగుతాడు. సూపర్‌వైజర్లు గమనించవలసిన రోజు అదే. కాంట్రాక్టు కూలీలకు మొదటి వారమంతా ఈ గమనిక అవసరం.

నీళ్ళ విషయంలో దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండలో పనిచేసేవారు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి; గంటకు లీటరున్నర మించి ఒకేసారి పట్టించడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. గంటల తరబడి చెమటోడ్చేవారికి ఉప్పు కలిపిన చల్ల, జొన్న అంబలి, నిమ్మరసం మేలు. మధ్యాహ్నం అన్నంలోకి పచ్చిపులుసు చేసుకునే మన అలవాటు చింతపండు రుచి కోసమే అనుకుంటాం గానీ, చెమటలో పోయిన నీటినీ ఉప్పునూ అది తిరిగి ఇస్తుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసిన కొలత నీళ్ళలో, సాధారణంగా లీటరులో, ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేసుకుంటే పనికిరాదు, కలిపినది మర్నాటికి ఉంచకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చదునుగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వేస్తే సరిపోతుంది. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకునేవారిని నేను కాదనను, కానీ దానితోపాటు నీళ్ళ సీసా కూడా ఉండాలి.

ఒక మాట సూటిగా చెప్పాలి. మిర్చి యార్డుల్లో, రోడ్డు పనుల్లో, ఊడ్చే పనుల్లో ఉన్న ఆడవారు చాలామంది మరుగుదొడ్డి లేక పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉంటారు. వారికి "నీళ్ళు బాగా తాగమ్మా" అని చెప్పడం కంటే అందుబాటులో తాళం వేయని మరుగుదొడ్డి ఏర్పాటు చేయడమే అసలైన జాగ్రత్త. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని గుర్తు. ఆ స్థితిలో నడుం నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్ళలు మింగితే భారమంతా కిడ్నీల మీద పడుతుంది. షిఫ్టు దిగి మెడికల్ షాపులో నొప్పి బిళ్ళ కొనుక్కొని, ఆపై కల్లో మందో తాగే అలవాటు ఎండాకాలంలో మరీ చెడ్డది.

ఇంట్లో పెద్దవారి మందుల సంచిని మార్చిలోనే డాక్టరుకు చూపించండి. బీపీకి వాడే నీళ్ళ బిళ్ళలు, గుండె వేగాన్ని తగ్గించే మందులు, మానసిక వ్యాధులకూ అలర్జీలకూ ఇచ్చే కొన్ని మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. మోతాదు మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. ఇన్సులిన్ తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, వాడుతున్న సీసాను తడవకుండా డబ్బాలో పెట్టి ఉంచుకోవచ్చు. బండి డిక్కీలో మాత్రం పెట్టకూడదు.

సెలవుల్లో పిల్లలు ఈతకని కాకతీయ కాలువకూ, వ్యవసాయ బావులకూ, వదిలేసిన క్వారీ గుంతలకూ పోతారు. ఈత వచ్చిన పెద్దవారు తోడు లేకుండా పంపవద్దు. నిలిపిన కారులో ఐదు నిమిషాలకైనా పిల్లల్ని వదలవద్దు.

ఇన్ని చూసుకున్నా ఎండదెబ్బ తగలవచ్చు కనుక దాన్ని గుర్తుపట్టడం అందరికీ తెలియాలి. విపరీతంగా చెమట, పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం మొదటి మెట్టు; నీడకు చేర్చి, కాళ్ళు కాస్త ఎత్తుగా పెట్టి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తే చాలామంది గంటలోపు తేరుకుంటారు. మాట తడబడటం, తానెక్కడున్నదీ చెప్పలేకపోవడం, అకారణంగా కోప్పడటం, తూలడం కనిపించి, ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది వడదెబ్బ. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్న మాట నమ్మవద్దు, పనిచేస్తూ పడిపోయినవారి ఒళ్ళు చెమటతో తడిసే ఉండవచ్చు. అప్పుడు 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఎదురుచూడకుండా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గాలి విసరాలి, మెడకూ చంకలకూ గజ్జలకూ ఐసు గడ్డలను బట్టలో చుట్టి అద్దాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. కోలుకున్నవారు కూడా డాక్టరు చెప్పేదాకా ఎండ డ్యూటీకి పోకూడదు. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 4 లక్షల రూపాయలకు పెంచింది. మరణ కారణం రికార్డుల్లో నమోదైతేనే అది అందుతుంది గనుక ఇంట్లో చనిపోయినా అధికారులకు తెలియజేయడం మరవకూడదు.

మృగశిర కార్తె వచ్చిందని వెంటనే నిశ్చింత పడకూడదు. తొలకరికి ముందు మబ్బు పట్టి, గాలి ఆగి, తేమ పెరిగే రోజుల్లో ఎండ 38 డిగ్రీలే ఉన్నా చెమట ఆరక ఒళ్ళు మరింత వేడెక్కుతుంది, భూగర్భ గనుల్లోనైతే ఇది ఏడాది పొడవునా ఉన్న సంగతే. ఆ రోజుల్లో కూలర్ కంటే ఫ్యాన్, చన్నీళ్ళ స్నానం మేలు. వాడని కూలర్‌లో నీళ్ళు వారం నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది. అటక ఎక్కించే ముందు అడుగు తొట్టిని గట్టిగా తోమి, బోర్లించి, ఎండలో ఆరబెట్టాలి.