చిన్న వాల్వ్ ఆంప్లిఫైయర్‌కు ఏ స్పీకర్?

పాత వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్లిఫైయర్‌కు ఇప్పటి చిన్న స్పీకర్లు తగిలిస్తే, వాల్యూమ్ కాస్త పెంచగానే పాట బొంగురుపోతుంది. ఆంప్ పాడైందనుకోకండి. చానెల్‌కు ఈఎల్84 అనే పవర్ వాల్వ్ ఒక్కటే ఉన్న సెట్ ఇచ్చేది దాదాపు 5 వాట్లే.

స్పీకర్ వెనక రాసిన వాట్లు అది తట్టుకోగల హద్దు మాత్రమే (నేనూ చాన్నాళ్లు వాటినే చూశాను). చూడాల్సింది 1 వాటుకు, 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అన్నది. ఈ అంకె 3 పెరిగిన ప్రతిసారీ అదే మోతకు సగం పవర్ చాలు. 86 బదులు 95 ఉన్నది పెడితే అదే మోతకు ఎనిమిదో వంతు చాలు. 8 ఓమ్స్ స్పీకర్‌ను ఆంప్ వెనక 8 ఓమ్స్ అని రాసిన ట్యాప్‌కే (తీగ తగిలించే చోటుకే) కలపండి.

4 ఓమ్స్ స్పీకర్‌కు ఆ డెసిబెల్స్‌ను 1 వాటుకు కాక 2.83 వోల్టులకు ఇస్తే మాత్రం అందులోంచి 3 తీసేయండి. అన్ని వోల్టులకు దానికి వెళ్లేది 1 కాదు, 2 వాట్లు.