చలిదేశంలో గది లోపల బట్టలు ఆరేసేటప్పుడు

చలిదేశానికి కొత్తగా వెళ్లినవాళ్లకి మొదటి శీతాకాలంలోనే తగిలే తలనొప్పి ఇది: గదిలో ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరవు, పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల మీంచి నీళ్లు కారుతుంటాయి, బీరువా వెనక గోడకి నల్లగా బూజు.

ఉతకడం అయ్యాక మెషీన్‌లో స్పిన్ ఒక్కటే ఇంకోసారి తిప్పండి. బట్టకీ బట్టకీ నాలుగు వేళ్ల సందు వదిలి, ఒకే గదిలో తలుపు మూసి ఆరేయండి. రోజుకి 3 సార్లు హీటర్ తగ్గించి కిటికీ బార్లా తెరవండి. 5 నుంచి 10 నిమిషాలు చాలు. కొందరు రోజంతా ఓరగా తెరిచి ఉంచుతారు, అది తప్పు: గోడ చల్లబడి బూజు ఇంకా ఎక్కువవుతుంది. కిటికీ తెరిస్తే తేమ ఎందుకు పోతుందంటే, బయటి 0 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకి 5 గ్రాముల తేమ కూడా ఉండదు, అదే గాలి 20 డిగ్రీలకి వేడెక్కితే 17 గ్రాముల దాకా పీల్చుకోగలదు. తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని 60 శాతం దాటకుండా చూసుకోండి.

బయట 15 డిగ్రీలు దాటి ముసురు పట్టి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అలాంటప్పుడు కిటికీ మూసి డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమని లాగేసే యంత్రం) పెట్టాల్సిందే.