బ్రిటన్ అల్లర్ల కేసుల్లో జైలు శిక్ష లెక్కను అర్థం చేసుకోవడం ఎలా?

“పోస్టు పెట్టినందుకు 31 నెలలా? పోలీసుల మీద ఇటుకలు విసిరినవాళ్లలో కొందరికి అంతకంటే తక్కువా?” 2024 ఆగస్టు అల్లర్ల తీర్పులు వచ్చినప్పటి నుంచి ఎక్కువగా వినపడిన ప్రశ్న ఇదే. శరణార్థుల హోటళ్లకు నిప్పు పెట్టమని ఎక్స్‌లో పోస్టు పెట్టిన మహిళకు పడిన శిక్షే ఆ 31 నెలలు. అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే ఆ రెండూ లెక్క చివర మిగిలిన అంకెలు. ఎక్కడ మొదలైందో, మధ్యలో ఏం కలిపారో, ఏం తీసేశారో చూడకుండా పక్కపక్కన పెడితే ఏదీ తేలదు. ఇంగ్లండ్, వేల్స్ కోర్టులు ఆ లెక్క ఎలా వేస్తాయో, దాన్ని మీరు తిరగేసి ఎలా చదవాలో కింద వరుసగా ఉంది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ చట్టాలు వేరు. అందుకని బెల్‌ఫాస్ట్ కేసులను ఇందులో కలపకండి.

ముందు సందర్భం. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో పిల్లల డాన్స్ క్లాసు మీద కత్తిదాడి జరిగి ముగ్గురు బాలికలు చనిపోయారు. దాడి చేసినవాడు పడవలో వచ్చిన శరణార్థి, ముస్లిం అంటూ సోషల్ మీడియాలో అబద్ధం పాకింది. నిజానికి అతడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. మరుసటి రోజు సాయంత్రం సౌత్‌పోర్ట్ మసీదు దగ్గర మొదలైన గొడవ వారం తిరిగేలోగా సండర్లండ్, లివర్‌పూల్, హల్, మిడిల్స్‌బరోలకు అంటుకుంది. రోథరమ్, టామ్‌వర్త్‌లలో శరణార్థులున్న హోటళ్ల మీద దాడులు జరిగాయి. న్యాయమూర్తులు తీర్పుల్లో ఈ వారం ప్రస్తావన ఎందుకు తెస్తారో మూడో మెట్టులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: ఏ సెక్షనో పట్టుకోండి

వార్తలో “అల్లర్ల కేసులో జైలు” అని ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి, అభియోగం ఏమిటో వెతకండి. శిక్షకు పైకప్పు ఎంత ఎత్తులో ఉందో చెప్పేది అదే.

వీధిలో జరిగిన హింసకు 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ యాక్టే ఆధారం. అందులో మొదటి సెక్షన్ ‘రయట్’ (మూక అల్లరి): కనీసం 12 మంది ఒకే ఉద్దేశంతో ఉండాలి, గరిష్ఠం పదేళ్లు. రెండో సెక్షన్ ‘వయొలెంట్ డిజార్డర్’ (గుంపుగా హింస): ముగ్గురు చాలు, గరిష్ఠం ఐదేళ్లు. మూడోది ‘అఫ్రే’ (జనాన్ని భయపెట్టే కొట్లాట), మూడేళ్లు. 2024 కేసుల్లో అత్యధికం రెండో సెక్షన్ కిందివే. రయట్ కేసు పెట్టాలంటే ప్రాసిక్యూషన్ సంస్థ అధిపతి అనుమతి కావాలి, 12 మందికీ ఉమ్మడి ఉద్దేశం ఉందని రుజువు చేయాలి, మెజిస్ట్రేట్ దగ్గర తేల్చే వీలు లేదు. వారాల్లో శిక్షలు పడాలనుకున్నప్పుడు ప్రాసిక్యూటర్లు రెండో సెక్షన్ వైపు మొగ్గడంలో వింతేమీ లేదు.

ఆన్‌లైన్ పోస్టుల విషయానికొస్తే అదే చట్టంలోని 19వ సెక్షన్ ముఖ్యం. జాతి విద్వేషం రగిలించే రాతను ప్రచురించడం లేదా పంచడం ఈ నేరం. గరిష్ఠం ఏడేళ్లు. రాత బెదిరించేదిగానో, దూషించేదిగానో, అవమానించేదిగానో ఉండాలి. దాంతోపాటు విద్వేషం రగిలించాలన్న ఉద్దేశమైనా ఉండాలి, ఆ పరిస్థితుల్లో విద్వేషం రగిలే అవకాశమైనా ఉండాలి. అటార్నీ జనరల్ అనుమతి లేకుండా ఈ కేసు ముందుకు సాగదు. మతం ఆధారంగా అయితే చట్టం ఇంకా ఇరుకు: బెదిరింపే ఉండాలి, ఉద్దేశాన్ని రుజువు చేసి తీరాలి.

ఇక్కడే మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పోస్టు నేరానికి పైకప్పు ఏడేళ్లు, రాళ్లు వేసిన నేరానికి ఐదేళ్లు. ఇది సబబా అని పార్లమెంటును అడగాలి. న్యాయమూర్తి చేతిలో ఉన్న కొలబద్ద అదే.

చిన్న సెక్షన్లూ ఉన్నాయి. ఆన్‌లైన్ సేఫ్టీ యాక్ట్ 2023లోని 179వ సెక్షన్ తెలిసి తెలిసి అబద్ధం పంపడం గురించి. అది అబద్ధమని పంపినవాడికి తెలిసి ఉండాలి, హాని కలగాలన్న ఉద్దేశం ఉండాలి. నిజమనుకుని ఫార్వర్డ్ చేసినవాడు దీని కింద దొరకడు. అల్లరిమూక తనను తరుముతోందని టిక్‌టాక్ లైవ్‌లో నటించిన డెర్బీ వ్యక్తికి ఈ సెక్షన్ కిందే మూడు నెలలు పడింది. 181వ సెక్షన్ బెదిరింపు సందేశాలది, ఐదేళ్ల వరకూ పోవచ్చు.

2011 అల్లర్లప్పుడు దారి వేరు. ఫేస్‌బుక్‌లో ‘ఈవెంట్’ పెట్టి జనాన్ని విధ్వంసానికి పిలిచిన ఇద్దరు యువకుల మీద, నేరానికి ప్రోత్సహించినందుకు సీరియస్ క్రైమ్ యాక్ట్ 2007 కింద కేసు పెట్టారు. చెరి నాలుగేళ్లు పడ్డాయి. నార్త్‌విచ్‌లో పిలిచిన చోటికి పోలీసులు తప్ప ఎవరూ రాలేదు. అయినా అదే ఏడాది అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ శిక్షలను సమర్థించింది. ‘ఎవరికీ ఏమీ కాలేదుగా’ అన్న వాదన ఎంతదూరం పోతుందో ఈ తీర్పు చదివితే తెలుస్తుంది.

రెండో మెట్టు: కేటగిరీ చూడండి

2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సెంటెన్సింగ్ కౌన్సిల్ (శిక్షల కొలతలు రాసే సంస్థ) మార్గదర్శకాల ప్రకారం న్యాయమూర్తి రెండు విషయాలు తేలుస్తారు. నిందితుడి దోషం ఎంత? దానికి ఎ, బి, సి అక్షరాలు. జరిగిన లేదా జరగబోయిన హాని ఎంత? దానికి 1, 2 లాంటి అంకెలు. ఈ రెండూ కలిసే గడిలో ఆరంభ శిక్ష, దాని పరిధి రాసి ఉంటాయి.

విద్వేష పోస్టుల్లో దోషం ‘ఎ’ కిందికి వచ్చేవి: తీవ్ర హింసకు పురిగొల్పాలన్న ఉద్దేశం, పదవినీ పలుకుబడినీ దుర్వినియోగం చేయడం, పదేపదే అదే పని చేయడం. విద్వేషం రగిలినా రగలనీ అన్న నిర్లక్ష్యం మాత్రమే అయితే ‘సి’. హాని విషయంలో, ప్రాణాలకు ముప్పు తెచ్చే పనికి నేరుగా పిలుపునిచ్చినా, విస్తృతంగా పాకినా కేటగిరీ 1. ఎ, 1 కలిసిన గడిలో ఆరంభం మూడేళ్లు, పరిధి రెండు నుంచి ఆరేళ్లు. అందరూ మాట్లాడుకున్న 31 నెలల కేసు ఇందులోదే. శరణార్థుల హోటళ్లకు నిప్పు పెట్టమన్న ఆ పోస్టు ఎక్స్‌లో ఉన్నది సుమారు మూడున్నర గంటలు. తీసేసేలోగా 3,10,000 సార్లు చూశారు. తొలగించడం మేలే, కానీ పాకిన హానిని అది వెనక్కి తేదు.

వయొలెంట్ డిజార్డర్‌లో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. ‘నేను విసిరింది ఒక్క రాయే’ అన్నది లాయర్ చెప్పగలిగిన మాటే, కానీ దాని బరువు తక్కువ. 1970 నాటి కేంబ్రిడ్జ్ గార్డెన్ హౌస్ హోటల్ అల్లర్ల కేసు నుంచీ అప్పీలు కోర్టు చెబుతున్నది ఒక్కటే: గుంపులో చేసిన పనిని గుంపు నుంచి విడదీసి తూచకూడదు. ఒక్కొక్కరి రాయీ పక్కవాడికి ధైర్యం. అందుకే పెట్రోలు బాంబు వాడకం, నాయకత్వం దోషాన్ని ‘ఎ’కి తీసుకెళ్తే, పెద్దయెత్తున హింస జరిగిన ఘటనలో పాల్గొనడమే ‘బి’కి చాలుతుంది.

రోథరమ్ హోటల్ కేసుల్లో ఒకరికి తొమ్మిదేళ్లు, ఆపైన ఐదేళ్ల అదనపు లైసెన్స్ (షరతుల మీద బయట గడిపే కాలం) పడిందని చదివి వయొలెంట్ డిజార్డర్‌కి అంత ఎలా అని ఆశ్చర్యపోవద్దు. అక్కడ ప్రాణాలకు ముప్పు కలిగించే ఉద్దేశంతో నిప్పు పెట్టిన అభియోగం ఉంది, దానికి గరిష్ఠం యావజ్జీవం. మళ్లీ మొదటి మెట్టే.

మూడో మెట్టు: పైకి లాగినవి, కిందికి దించినవి

ఆరంభ శిక్ష దగ్గర న్యాయమూర్తి ఆగరు. పాత నేరాలు, మద్యం మత్తు, పోలీసుల మీద దాడి, దేశం ఉద్రిక్తంగా ఉన్న సమయం ఎంచుకోవడం లెక్కను పెంచుతాయి. మచ్చలేని గతం, నిజమైన పశ్చాత్తాపం, మానసిక అనారోగ్యం, చిన్న వయసు, తన మీదే ఆధారపడినవాళ్లు ఉండటం తగ్గిస్తాయి. 2024లో ‘సమయం’ అన్న అంశమే చాలామంది కొంప ముంచింది. మామూలు నెలలో ఎవరూ పట్టించుకోని వాక్యం హోటళ్లను చుట్టుముట్టే రోజుల్లో వేరే వాక్యమైపోతుంది.

జాతి ద్వేషంతో చేసిన హింస అయితే శిక్షల చట్టమైన సెంటెన్సింగ్ కోడ్ 66వ సెక్షన్ ప్రకారం న్యాయమూర్తి ఆ మాట బహిరంగంగా చెప్పి శిక్ష పెంచాలి. 19వ సెక్షన్ కేసులో అలా కలపరు. జాతి విద్వేషం ఆ నేరంలోనే ఉంది, ఒకే దాన్ని రెండుసార్లు లెక్కేయకూడదు.

నాలుగో మెట్టు: నేరం ఒప్పుకున్నది ఎప్పుడో చూడండి

మొదటి విచారణలోనే ఒప్పుకుంటే మూడో వంతు తగ్గుతుంది. ఆ తర్వాత నాలుగో వంతు. అక్కణ్నుంచి జారుతూ విచారణ మొదలైన రోజుకి పదో వంతు. వార్తలోని అంకెను వెనక్కి తిప్పాలంటే మూడో వంతు తగ్గిన శిక్షను 1.5తో, నాలుగో వంతు తగ్గినదాన్ని 4/3తో గుణించండి. 31 నెలల కేసులో తగ్గింపు నాలుగో వంతు. అంటే ముందు ఉన్నది 42 నెలలు. 42లో నాలుగో వంతు పోతే 31.5, అర నెల నిందితురాలికే వదిలేశారు. ఇక 32 నెలలు పడిన రాళ్ల కేసు ఎదురైతే, మూడో వంతు తగ్గింపు ఉంటే తగ్గింపుకు ముందు అది 48 నెలలు, ఐదేళ్ల పైకప్పుకు ఏడాది దూరం. ఇప్పుడు పోల్చండి. పోస్టుకి ఏడేళ్లలో మూడున్నర, అంటే సగం. రాయికి ఐదేళ్లలో నాలుగు. మొదట్లో కనిపించిన బొమ్మ తలకిందులైంది కదా.

ఒక మెలిక. నేరం ఒప్పుకుంటూనే ‘ఉద్దేశం అది కాదు’ అని వాదిస్తే, ఆ తేడా శిక్షను మార్చేంతదైతే సాక్ష్యాలతో విడిగా విచారిస్తారు. అందులో ఓడితే ఒప్పుకోలు తగ్గింపులో సాధారణంగా సగం పోతుంది.

ఐదో మెట్టు: సస్పెండ్ చేశారా?

సస్పెండ్ చేయడమంటే శిక్ష వేసినా జైలుకు పంపకుండా షరతుల మీద బయట ఉంచడం. 2024లో ఉన్న చట్టం ప్రకారం రెండేళ్లు, అంతకు తక్కువ శిక్షనే అలా సస్పెండ్ చేసే వీలుండేది. 31 నెలలకు ఆ తలుపు తెరుచుకోలేదు. తలుపు తెరిచి ఉన్నా ఒక్కోసారి లోపలికి రానివ్వరు: లీడ్స్‌లో ఫేస్‌బుక్ పోస్టులకు 20 నెలలు పడిన వ్యక్తి నేరుగా జైలుకే వెళ్లాడు. మార్గదర్శకాల్లో ‘తక్షణ జైలు మాత్రమే తగిన శిక్ష’ అన్న గీత ఒకటుంది. అల్లర్ల కేసుల్లో న్యాయమూర్తులు దాని మీదే నిలబడ్డారు.

ఆరో మెట్టు: లోపల ఉండేది ఎన్నాళ్లు?

అప్పటి చట్టం ప్రకారం మామూలుగా సగం. 2024 సెప్టెంబరు 10 నుంచి, జైళ్లు నిండిపోవడంతో, చాలా శిక్షలకు దాన్ని 40 శాతానికి తగ్గించారు. నాలుగేళ్లూ ఆపైన పడిన హింసా నేరాలకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. రిమాండ్‌లో గడిపిన రోజులు వాటంతటవే తగ్గుతాయి. ఎలక్ట్రానిక్ ట్యాగ్ (కదలికలు కనిపెట్టే పరికరం) పెట్టి రోజుకు కనీసం తొమ్మిది గంటలు ఇంట్లో ఉంచిన బెయిల్ రోజులు సగంగా లెక్కకొస్తాయి. 31 నెలల్లో 40 శాతం సుమారు 12.4 నెలలు. 2024 ఆగస్టులోనే రిమాండ్ మొదలైన ఆ మహిళ 2025 ఆగస్టు 21న బయటికి రావడం ఈ లెక్క ప్రకారమే. ఎవరో దయతలిచి వదిలేయలేదు. మిగతా కాలం లైసెన్స్ షరతుల మీద బయట గడుస్తుంది. షరతు తప్పితే మళ్లీ లోపలికి.

అప్పీలుకు క్రౌన్ కోర్టు (తీవ్ర నేరాలు విచారించే కోర్టు) శిక్ష పడిన నాటి నుంచి 28 రోజులు గడువు. ముందు అనుమతి అడగాలి. నిందితుడు వేసిన అప్పీలులో శిక్ష పెరగదు. ‘కొంచెం ఎక్కువగా ఉంది’ అంటే సరిపోదు, స్పష్టంగా మితిమీరిందనో, చట్టం తప్పిందనో చూపాలి. 31 నెలల కేసులో 2025 మే 20న అప్పీలు కోర్టు శిక్షను ముట్టుకోలేదు.

18 ఏళ్ల లోపు వాళ్ల కేసు అయితే పై లెక్కలేవీ నేరుగా పెట్టకండి, వాళ్లకు మార్గదర్శకాలు వేరు. కొన్ని అల్లర్ల కేసుల్లో న్యాయమూర్తి చదివిన కారణాల పూర్తి ప్రతి ఇంగ్లండ్ న్యాయవ్యవస్థ వెబ్‌సైట్‌లో ఉంది. అందులో అభియోగం, కేటగిరీ అక్షరం, తగ్గింపు శాతం ఈ మూడూ దొరికాకే రెండు కేసులను పక్కపక్కన పెట్టండి.