పాత వెదురు ఫ్లై రాడ్‌కి గైడ్లు మార్చాను - నా అనుభవం

అమలాపురంలో మా మావయ్యగారింటి అటక మీద పడున్న వెదురు ఫ్లై రాడ్, అంటే ఈగలాంటి తేలిక ఎర విసిరి చేపలు పట్టే గేలపు కర్ర, నా చేతికొచ్చింది, చైనాలో పెరిగే టోంకిన్ వెదురు ఆరు బద్దలు అతికించి చేసింది, కర్ర గట్టిగానే ఉంది గానీ ఉప్పుగాలికి గైడ్లన్నీ, అంటే లైన్ (గేలపు తాడు) దూరి పోయే రింగులన్నీ తుప్పు, కొసనుండే టిప్‌టాప్ రింగు లోపల లైన్ ఒరుసుకుని గాడి పడిపోయింది. గోరు ఆనిస్తే తగుల్తుంది. అలాగే వదిలేస్తే కొత్త లైన్ పైపూత లేచిపోద్ది.

షాపులో స్పిన్నింగ్ రాడ్ల పెద్ద రింగులే చూపించారు, వద్దండి, వెదురు అసలే బరువు, కొసన ఇంకాస్త బరువు పడితే రాడ్ మందకొడిగా అయిపోయి విసిరాక కూడా ఊగుతూనే ఉంటది. సన్న తీగని పాములా మెలితిప్పిన స్నేక్ గైడ్లు, స్టెయిన్‌లెస్‌వి తెప్పించా, పిడి వైపు మాత్రం రింగున్న స్ట్రిప్పింగ్ గైడ్ ఒకటి. మామూలు లెక్క అడుక్కొకటి, పైన ఇంకొకటి, 8 అడుగుల రాడ్‌కి 9 అన్నమాట, టిప్‌టాప్ కాకుండా.

ముందు టేపుతో అంటించి, లైన్ ఎక్కించి, రాడ్ వంచి చూశా, లైన్ ఎక్కడ వంపుని వదిలి అడ్డంగా పోతుందో అక్కడ గైడ్ జరుపుకున్నా. కర్రకి ఆనే గైడ్ కాళ్ల చివర్లు ఆకురాయితో పల్చగా అరగదీయాలి, అడుగున గరుకుంటే వెదురు నార తెగుద్ది, పైన దారం కూడా సాఫీగా ఎక్కదు. గైడ్లని కర్రకి చుట్టి కట్టే దారానికేం, ఉప్పాడ పక్కనే ఉంది కదా, సన్న పట్టుపోగే చుట్టా. వార్నిష్ పడగానే పట్టు రంగు పోయి కింద వెదురు కనబడుద్ది, రంగు నిలవాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ రాయాలి. వార్నిష్ మాత్రం ముసురులో పెట్టుకోకండి, ఆరి చావదు.